సోయాచిక్కుడు నేలకు ఇచ్చేదెంత, తీసుకుపోయేదెంత

సోయా వేస్తే భూమి బలపడుతుందనే మాట ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి జిల్లాల నల్లరేగడి గ్రామాల్లో చాలాకాలంగా వినిపిస్తోంది. పప్పుజాతి పైరు గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో స్థిరీకరిస్తుందని, అందులో మిగిలింది తర్వాతి పంటకు అందుతుందని పాఠ్యపుస్తకాలూ చెబుతాయి, వ్యవసాయ అధికారులూ చెబుతారు. ఇందులో అబద్ధం లేదు, కానీ ఇది సగం నిజమే. అలా స్థిరీకరించిన నత్రజనిలో అధిక భాగం గింజలోకి చేరి, బస్తాలకెక్కి మార్కెట్ యార్డుకు వెళ్లిపోతుంది. నేలలో చివరికి మిగిలేది ఎంత అన్నది ఆ పంటను పండించిన తీరును బట్టి తేలుతుంది. ఒకే ఊళ్లో, ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చేలలో, ఒకే రకం విత్తనంతో వేసిన సోయా ఒక చేనును బలపరచి రెండోదాన్ని పీల్చేయగలదు.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి ముందుగా నత్రజని జమాఖర్చు చూడడం అవసరం.

సోయా గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 18 నుంచి 20 శాతం నూనె ఉంటాయి. కందిలో, శనగలో మాంసకృత్తులు 20 శాతానికి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి సోయా వాటికి దాదాపు రెట్టింపు. మాంసకృత్తులు తయారు కావాలంటే నత్రజని కావాలి. ఒక టన్ను సోయా గింజ పండాలంటే కాండం, ఆకు, కాయ, గింజ అన్నీ కలిపి పైరు దాదాపు 80 కిలోల నత్రజనిని కూడగట్టుకోవాలి. అందులో దాదాపు 60 కిలోలు గింజలోకే చేరతాయి. వానలు సకాలంలో పడి ఎకరాకు 8 క్వింటాళ్లు పండిందనుకుందాం. అప్పుడు పైరు మొత్తం తీసుకున్నది 64 కిలోలు, గింజతో పాటు చేను దాటి వెళ్లింది 48 కిలోలు. వివిధ దేశాల్లో జరిగిన కొలతల సగటు ప్రకారం సోయా తన నత్రజని అవసరంలో 50 నుంచి 60 శాతాన్ని గాలి నుంచి తీర్చుకుంటుంది. మధ్యస్థంగా 55 శాతం తీసుకుంటే మన ఎకరంలో అది 35 కిలోలు. సిఫార్సు చేసినట్టు విత్తేటప్పుడు 12 కిలోల నత్రజని ఎరువుగా వేశామనుకుంటే జమ 47 కిలోలు, ఖర్చు 48 కిలోలు. సగటు పంట నేలకు పెద్దగా ఇచ్చిందీ లేదు, తీసుకున్నదీ లేదు.

సగటును వదిలి రెండు చివరలూ చూస్తే అసలు విషయం బయటపడుతుంది. బుడిపెలు బలంగా పనిచేసి గాలి నుంచి 70 శాతం అందిన చేనులో జమ 57 కిలోలు అవుతుంది, అంటే ఎకరాకు 9 కిలోల మిగులు. నీరు నిలిచో, బ్యాక్టీరియా లేకో, యూరియా ఎక్కువై బుడిపెలు కట్టకో గాలి నుంచి 25 శాతమే అందిన చేనులో జమ 28 కిలోలే. మిగిలిన 20 కిలోలు నేలలోని సేంద్రియ పదార్థం కరిగి భర్తీ కావాలి. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని కూడా దాదాపు అంతే. ఇలాంటి చేనులో 8 క్వింటాళ్లు పండడమే కష్టమని, దిగుబడి తగ్గితే ఖర్చూ తగ్గుతుందని ఎవరైనా అంటే అది సరైన అభ్యంతరమే. అయితే బలమైన నల్లరేగడిలో మొదటి కొన్నేళ్లు నేల ఆ లోటును పూడుస్తూనే ఉంటుంది, దిగుబడి వస్తూనే ఉంటుంది, అందువల్ల నష్టం రైతు కంటికి కనబడదు. నూర్చిన తర్వాత పొట్టు, కట్టె కూడా చేనులోంచి తీసుకుపోతే ఎకరాకు ఇంకో 6 నుంచి 8 కిలోల నత్రజని పోతుంది. వేళ్లలో, రాలిపోయిన బుడిపెల్లో ఉండిపోయే నత్రజనిని ఈ లెక్కలో చేర్చలేదు. చేరిస్తే పరిస్థితి కొంత మెరుగ్గా కనిపిస్తుంది కానీ, మంచి చేనుకూ చెడ్డ చేనుకూ మధ్య దూరం తగ్గదు.

బుడిపెలు కట్టడం, కట్టకపోవడం

సోయా మన నేలలో పుట్టిన పంట కాదు. చైనా ప్రాంతంలో పుట్టి, 1960లలో పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన ప్రయత్నాల ద్వారా ఇక్కడ వాణిజ్య పంటగా నిలదొక్కుకుంది. 1967లో దీనిపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మొదలైంది. సోయాతో జతకట్టే బ్రాడీరైజోబియం జపానికం అనే బ్యాక్టీరియా కూడా మన నేలలకు కొత్తదే. పెసర, మినుము, వేరుశనగ వేళ్ల మీద సహజంగా బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా సోయాకు అంతగా పనికిరాదు. కాబట్టి మొదటిసారి సోయా వేసే చేనులో విత్తనానికి రైజోబియం కల్చర్ (ఈ బ్యాక్టీరియాను పెంచి పొట్లాల్లో అమ్మే మందు) పట్టించకపోతే పైరు పచ్చగా పెరగడానికి నేలలోని నత్రజని తప్ప మరో ఆధారం ఉండదు. ఏళ్లుగా సోయా పండుతున్న చేలలో ఈ బ్యాక్టీరియా కొంత నిలిచి ఉంటుంది, కానీ మే నెల ఎండకు ఎండిపోయి నెర్రెలు విచ్చిన నేలలో దాని సంఖ్య బాగా పడిపోతుంది. ఏటా కల్చర్ పట్టించమని సిఫార్సు చేయడానికి కారణం ఇదే.

ఖరీదు తక్కువైన ఈ పనిని పాడుచేసేది చాలా సందర్భాల్లో వరుసక్రమమే. విత్తనానికి తెగులు మందు, పురుగు మందు, కల్చర్ మూడూ పట్టించాల్సి ఉంటుంది. తెగులు మందు ముందు పట్టించి, అది ఆరిన తర్వాత పురుగు మందు, విత్తడానికి కాసేపటి ముందు నీడలో బెల్లం నీళ్లతో కల్చర్ పట్టించాలి. మూడింటినీ ఒకే పళ్లెంలో కలిపేస్తే రసాయనాల తాకిడికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కల్చర్ పట్టించిన విత్తనాన్ని ఎండలో ఉంచినా, వాన కోసం మర్నాటి దాకా ఆపినా ఫలితం అదే. ఎండ తగిలే దుకాణపు అరలో నెలల తరబడి పడి ఉన్న పొట్లంలో జీవమున్న బ్యాక్టీరియా ఎంత మిగిలి ఉంటుందన్నది కూడా అడగదగిన ప్రశ్నే.

కల్చర్ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. విత్తిన 35, 40 రోజులకు, పూత మొదలయ్యే సమయంలో, చేనులో నాలుగైదు చోట్ల మొక్కలను తవ్వి తీయాలి. పట్టుకుని లాగకూడదు; లాగితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి, బుడిపెలే లేవనే తప్పు నిర్ణయానికి వస్తాం. మొక్క చుట్టూ జానెడు దూరంలో పారతో మట్టిగడ్డను పెకలించి, బకెట్ నీళ్లలో నానబెట్టి, మట్టి దానంతటది వదిలేలా మెల్లగా కదపాలి. తల్లివేరు పైభాగంలో, మొదలుకు దగ్గరగా, శనగగింజ సైజుకు కొంచెం అటూ ఇటూగా గుత్తులుగా బుడిపెలు కనిపిస్తే అవి మొలక దశలోనే, పట్టించిన కల్చర్ వల్ల కట్టాయని భావించవచ్చు. ఒక బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ రంగో, నెత్తురు రంగో ఉంటే అది పనిచేస్తోంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది. బ్యాక్టీరియాకు ప్రాణవాయువును తగుమోతాదులో అందించేది అదే. లోపల తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదని, ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే పని ముగించిందని అర్థం. గింజ నిండాల్సిన సమయానికి ముందే బుడిపెలన్నీ ఆకుపచ్చగా మారిన చేనులో దిగుబడి మీద పెద్ద ఆశ పెట్టుకోలేం.

ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమంటే, చాలా చేలలో యూరియా చల్లాలనే నిర్ణయం ఆకు రంగు ఒక్కటే చూసి జరుగుతోంది. మొలకెత్తిన రెండు మూడు వారాలకు గింజలోని నిల్వ అయిపోతుంది, బుడిపెలు అప్పుడప్పుడే పని అందుకుంటూ ఉంటాయి. ఆ కొద్ది రోజులు పైరు లేతపసుపుగా కనిపించడం సహజం. విత్తేటప్పుడు వేసే 12 కిలోల నత్రజని ఈ సందును దాటించడానికే. ఆ రంగు చూసి బస్తా యూరియా పైపాటుగా చల్లితే రెండు మూడు రోజుల్లో పైరు నల్లపచ్చగా మారుతుంది, రైతుకు తృప్తి కలుగుతుంది, కానీ నేలలో నత్రజని తేలికగా దొరుకుతున్నప్పుడు మొక్క బుడిపెలకు చక్కెరలు పంపడం తగ్గించేస్తుంది. ఆ యూరియా అయిపోయేసరికి పూత దశ వస్తుంది. నత్రజని అవసరం అన్నింటికంటే ఎక్కువగా ఉండే కాయ, గింజ దశలో పైరుకు చాలినన్ని బుడిపెలుండవు. పైగా ఆకు పసుపుబారడానికి నీరు నిలవడం, సున్నం ఎక్కువున్న నేలలో ఇనుపధాతు లోపం, తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు, ఇలా ఎన్నో కారణాలుంటాయి. వాటిలో దేనికీ యూరియా మందు కాదు.

బ్రెజిల్ అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. ప్రపంచంలో అత్యధికంగా సోయా పండించే ఆ దేశంలో హెక్టారు సగటు దిగుబడి మూడు టన్నులకు పైనే, మన దేశంలో అది ఒక టన్నుకు కాస్త అటూ ఇటూ. అంత దిగుబడి తీస్తున్న బ్రెజిల్ రైతులు సోయాకు నత్రజని ఎరువు దాదాపు వేయరు. శాస్త్రవేత్త యోహన్నా డోబరైనర్ మొదలుపెట్టిన దారిలో దశాబ్దాల పాటు మేలైన బ్యాక్టీరియా రకాలను ఎంపిక చేసి, నాణ్యమైన కల్చర్‌ను ఏటా రైతులకు అందించడం వల్ల అది సాధ్యమైంది. ఈ పరిశోధనను ముందుకు తీసుకెళ్లిన ఎంబ్రాపా (బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్త మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. దిగుబడుల్లో ఉన్న అంతరమంతా నేల వల్లే వచ్చిందనడం సరికాదు. మన దగ్గర సోయా 90 నుంచి 105 రోజుల్లో, పూర్తిగా వాన మీద ఆధారపడి, మబ్బు పట్టిన నెలల్లో పండుతుంది. కానీ నత్రజనిని బస్తాలోంచి కాక బుడిపెలోంచి తీసుకోవచ్చన్న విషయంలో అక్కడి అనుభవానికి మన చేలలోనూ అంతే విలువ ఉంది.

నల్లరేగడిలో నీరూ గాలీ

బుడిపెలోని బ్యాక్టీరియాకు చక్కెరతో పాటు ప్రాణవాయువు కావాలి. నల్లరేగడిలో ఇబ్బంది అంతా ఇక్కడే. ఈ నేలలో బంకమన్ను పాలు ఎక్కువ. తడిస్తే ఉబ్బి సందులన్నీ మూసుకుపోతాయి, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. జులైలో వరసగా నాలుగు రోజులు ముసురు పడితే నీరు కిందికి దిగదు, పక్కకు పోదు, వేరు చుట్టూ ఉన్న మట్టిలో గాలి ఆడదు. మొక్క చనిపోదు, కానీ బుడిపెలు పనిమాని కుళ్లడం మొదలవుతుంది. వాన వెలిసిన వారానికి పసుపుబారిన పైరు తిరిగి పచ్చబడినా అప్పటికి జరిగిన నష్టం గింజ బరువులో తేలుతుంది. ఆగస్టు, సెప్టెంబరులో బెట్ట వచ్చినప్పుడు మళ్లీ అదే చేను తేమ చాలక వాడిపోతుంది. ఒకే పంటకాలంలో నీరు ఎక్కువై ఒకసారి, తక్కువై ఒకసారి దెబ్బతినడం రేగడి సోయాకు మామూలైపోయింది.

దీనికి తగిన పద్ధతి మన ముంగిట్లోనే నిరూపితమైంది. 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, పటాన్‌చెరులోని తన క్షేత్రంలో 1976 నుంచి నల్లరేగడి మీద రెండు పద్ధతులను పక్కపక్కన నడుపుతూ వచ్చింది. ఒకటి పాత పద్ధతి: వానాకాలం చేనును దున్ని బీడుగా వదిలి, ఉన్న తేమ మీద యాసంగి జొన్నో శనగో వేయడం. రెండోదాంట్లో చేనును వాలుకు అనుగుణంగా ఒకటిన్నర మీటర్ల వరసలుగా విభజించి, ఒక మీటరుకు పైగా వెడల్పున్న మడి, దాని పక్కన కాలువ వచ్చేలా తీర్చి, వానాకాలమే పంట వేసి, కందిని కలిపి, తగిన ఎరువులు ఇచ్చారు. పాతికేళ్ల సగటు చూస్తే పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా ఒక టన్ను గింజ వస్తే మెరుగైన పద్ధతిలో ఐదు టన్నులకు దగ్గరగా వచ్చింది. పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా ఆరు టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోతే, మడి–కాలువ పద్ధతిలో అది ఒకటిన్నర టన్ను దగ్గర ఆగింది. కొట్టుకుపోయేది పైమట్టి, సేంద్రియ కర్బనం ఎక్కువగా ఉండేది అందులోనే. మెరుగైన చేనులో పంట పెరగడంతో పాటు నేలలో కర్బనం నిల్వ కూడా పెరిగింది. దిగుబడి, నేల సారం రెండింట్లో ఒకదాన్నే ఎంచుకోవాలనే వాదానికి ఈ ప్రయోగం గట్టి జవాబు.

మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణల్లోని నల్లరేగడిలో సోయా రావడం వల్ల నేలకు కలిగిన అతిపెద్ద మేలు నా దృష్టిలో నత్రజని కాదు, వానాకాలమంతా బోసిగా ఉండే నేల మీద ఆకు కప్పడం. అయితే విత్తిన తర్వాత సాళ్ల మధ్య ఆకు కలుసుకోవడానికి నెలకు పైగా పడుతుంది, జులై వానల తాకిడి అంతా ఆ సమయంలోనే. వాలు వెంబడి పైనుంచి కిందికి ట్రాక్టర్‌తో గొర్రు తోలితే ప్రతి సాలూ ఒక కాలువై మట్టిని గట్టు దాటిస్తుంది. వాలుకు అడ్డంగా తోలడానికి అదనపు ఖర్చు లేదు, మలుపులు కొన్ని ఎక్కువ తిరగాలంతే. కొన్ని సాళ్లకు ఒకసారి లోతుగా కాలువ తీయడం కూడా మడి–కాలువ పద్ధతికి చవకైన ప్రత్యామ్నాయమే.

బస్తా మీది అంకెలు

ఒక నత్రజని అణువును విడగొట్టడానికి బుడిపెలోని బ్యాక్టీరియా కనీసం 16 ఏటీపీ అణువులను (జీవకణాలకు శక్తినిచ్చే పదార్థం) ఖర్చు చేస్తుంది, ఆ ఏటీపీ తయారీకి భాస్వరం కావాలి. అందుకే సోయాకు నత్రజని కంటే భాస్వరం రెట్టింపు సిఫార్సు చేస్తారు: ఎకరాకు నత్రజని 12, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు. ఆచరణలో ఈ మూడు అంకెలూ డీఏపీ బస్తా ఒక్కదానిగా మారిపోయాయి. 52 కిలోల డీఏపీలో 24 కిలోల భాస్వరం, 9 కిలోలకు పైగా నత్రజని వస్తాయి కాబట్టి అది తేలికైన దారిలా కనిపిస్తుంది. కానీ అందులో గంధకం లేదు, పొటాష్ లేదు. అదే 24 కిలోల భాస్వరాన్ని సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ద్వారా ఇవ్వాలంటే 50 కిలోల బస్తాలు మూడు కావాలి. మోయడం, వేయడం కష్టమే, కానీ వాటితో పాటు 16 కిలోలకు పైగా గంధకం, దండిగా కాల్షియం అందుతాయి. నూనె, మాంసకృత్తు రెండూ ఎక్కువగా ఉన్న గింజకు గంధకం తప్పనిసరి. డీఏపీ దొరక్క పంపిణీ కేంద్రాల ముందు వరసలు కట్టే రోజుల్లో, సోయా రైతుకు సూపర్ ఫాస్ఫేటే మేలైన ఎరువని గట్టిగా చెప్పేవారు తక్కువగా ఉండడం బాధాకరం.

పొటాష్ విషయం ఇంకా నిశ్శబ్దంగా నడుస్తోంది. నల్లరేగడిలో పొటాష్ దండిగా ఉంటుందని ఒకప్పుడు దాన్ని వేయనవసరం లేదన్నారు. 8 క్వింటాళ్ల సోయా గింజలో దాదాపు 16 కిలోల పొటాష్ చేను దాటిపోతుంది. సిఫార్సు చేసిన 16 కిలోలు ఆ ఖర్చుకు సరిసమానం, అంటే వేయని ప్రతి ఏటా నిల్వలోంచి తీస్తున్నట్టే.

దీర్ఘకాలంలో ఏమవుతుందో తెలుసుకోవడానికి ఊహలు అవసరం లేదు. 1970లో మొదలైన అఖిల భారత దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల్లో భాగంగా జబల్‌పూర్ నల్లరేగడిలోనూ, రాంచీ ఎర్రనేలలోనూ 1972 నుంచి సోయా–గోధుమ పంటలు ఒకే మళ్లలో, ఏటా అదే ఎరువుతో సాగుతున్నాయి. రాంచీలో నత్రజని ఎరువు ఒక్కటే వేసిన మడి ఏ ఎరువూ వేయని మడి కంటే అధ్వానంగా తయారైంది. యూరియా వల్ల పెరిగిన ఆమ్లత్వం వేళ్లనూ బుడిపెలనూ దెబ్బతీసింది. నత్రజని, భాస్వరం, పొటాష్‌లతో పాటు సున్నం గానీ పశువుల ఎరువు గానీ వేసిన మళ్లు నిలదొక్కుకున్నాయి. జబల్‌పూర్‌లో మూడు పోషకాలకు పశువుల ఎరువు తోడైన మడి అన్నింటి కంటే ముందుంది. మన నల్లరేగడిలో సున్నపు పాలు ఉంటుంది కాబట్టి యూరియా వల్ల ఆమ్లత్వం అంత తేలికగా రాదు. ఇక్కడ దెబ్బ భాస్వరం, గంధకం, జింకు లోపాల రూపంలో వస్తుంది. సున్నం ఎక్కువున్న ఈ నేలలో వెదజల్లిన భాస్వరం త్వరగా కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. దాన్ని విత్తనానికి కొంచెం పక్కగా, కొంచెం లోతుగా గొర్రుతో పడేయడమే దారి. ఎరువును విత్తనంతోనే కలిపి డ్రిల్లులో పోసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. సోయా గింజ పైపొర చాలా పలుచన. ఎరువు ఉప్పుదనానికి మొలక దెబ్బతిని సాళ్లలో సందులు పడతాయి.

భూసార పత్రం 2015 నుంచి రైతు చేతికి వస్తోంది, అందులో 12 అంశాలుంటాయి. జింకు, బోరాన్, గంధకం లోపాలను అది బయటపెట్టగలదు. కానీ ఆ చేనులో వాన నీరు ఎంత త్వరగా ఇంకుతుందో, జానెడు లోతులో గట్టి పొర ఉందో లేదో, బుడిపెలు కడుతున్నాయో లేదో ఆ పత్రం చెప్పదు. వాటిని పారతోనే తెలుసుకోవాలి.

కర్బనం తిరిగి చేనుకు చేరడం

సేంద్రియ కర్బనం అర శాతం కంటే తక్కువుంటే భూసార పరీక్షలో దాన్ని తక్కువగా లెక్కిస్తారు, మెట్ట నేలల్లో ఎన్నో ఆ గీత కిందే ఉన్నాయి. అది తగ్గడానికి ప్రధాన కారణాలు రెండు: చేనుకు తిరిగి చేరేది తక్కువ, దున్నకం ఎక్కువ. విత్తే ముందు కల్టివేటర్ రెండుసార్లు, రోటావేటర్ రెండుసార్లు తిప్పి మట్టిని పిండి చేస్తే మట్టి కణాల గుళికలు పగిలి, వాటిలో దాగి ఉన్న కర్బనం గాలికి, సూక్ష్మజీవులకు దొరికి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. పిండైన పైమట్టి మొదటి వానకే పొరకట్టి మొలకను ఆపుతుంది. రోటావేటర్ పళ్లు ఏటా ఒకే లోతులో తిరగడం వల్ల కింద ఏర్పడే గట్టి పొర తల్లివేరును లోతుకు దిగనివ్వదు, బెట్ట సమయంలో పైరు ముందుగా వాడేది అందుకే. నల్లరేగడికి ఎండలో నెర్రెలిచ్చి, వానలో ఉబ్బి తనంతట తానే గుల్లబారే గుణం ఉంది. దాన్ని అంతగా దున్నవలసిన పనే లేదు. దున్నకం తగ్గించి, గోధుమ కోసిన కట్టెను చేనులోనే ఉంచి సోయా వేసినప్పుడు దిగుబడి తగ్గకుండానే కర్బనం పెరిగిందని భోపాల్‌లోని భారతీయ మృత్తికా శాస్త్ర సంస్థ ప్రయోగాలు చూపాయి.

ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు వేయమనే సిఫార్సును కాగితం మీద రాయడం తేలిక. ఊళ్లో పశువులే తగ్గిపోయినప్పుడు అది ఎక్కడి నుంచి వస్తుందన్నదే ప్రశ్న. వేసవిలో గొర్రెల మందను చేనులో కట్టించుకోవడం ఇప్పటికీ కొన్ని ప్రాంతాల్లో జరుగుతున్న మంచి పని, ఆ ఎరువు రవాణా ఖర్చు లేకుండా నేరుగా నేలకు చేరుతుంది. గట్ల మీద గ్లిరిసిడియా అనే పప్పుజాతి చెట్టును పెంచి దాని ఆకును చేనులో వేయడం ఇక్రిశాట్ చాలాకాలంగా చూపుతున్న దారి. జనుము, జీలుగ లాంటి పచ్చిరొట్ట వరి చేలకు కుదిరినట్టు వర్షాధార సోయాకు కుదరదు; జూన్ తొలకరికి పచ్చిరొట్ట వేసి కలియదున్నే లోపు సోయా విత్తే అదును దాటిపోతుంది. అన్నిచోట్లా దాన్నే సిఫార్సు చేయడం వల్ల ప్రయోజనం లేదు.

హార్వెస్టర్ నూర్చి వదిలిన పొట్టును శనగ విత్తడానికి అడ్డమని తగలబెట్టడం మాత్రం ఏ విధంగానూ అంగీకరించలేని పని. ముందు లెక్క వేసిన ఆ 6 నుంచి 8 కిలోల నత్రజని దాదాపు పూర్తిగా, గంధకం చాలావరకు పొగలో కలిసిపోతాయి. పశువులకు మేతగా పెట్టి పేడను చేనుకు తెస్తే నష్టం కొంతైనా పూడుతుంది.

సోయా ఆకు నూర్పిడికి ముందే రాలి నేల మీద పరుచుకుంటుంది, కొద్ది వారాల్లో చివికి యాసంగి పంటకు నత్రజని అందిస్తుంది. సోయా తర్వాత జొన్న బాగా పండడానికి ఇది ఒక కారణం. అయితే అంత త్వరగా చివికే ఆకు నేలలో కర్బనాన్ని ఎక్కువకాలం నిలపదు. ఆ పని చేసేది జొన్న, మొక్కజొన్నల మోళ్లూ వేళ్లే. కాబట్టి ఏటా సోయా–శనగ, సోయా–శనగ అని తిరిగే చేనులో రెండూ పప్పుజాతి పంటలే అయినా కర్బనం పెరగదు, రెండూ భాస్వరాన్నే గట్టిగా లాగుతాయి. పైగా శనగలో ఎండు వేరుకుళ్లు, సోయాలో మసి కుళ్లు తెగుళ్లకు కారణం ఒకే శిలీంద్రం. అది నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది, బెట్ట వచ్చిన ఏడాది విజృంభిస్తుంది. రెండేళ్లకోసారైనా యాసంగిలో జొన్న గానీ మొక్కజొన్న గానీ రావడం నేలకు అవసరం. నాలుగు నుంచి ఏడు సాళ్ల సోయాకు ఒక సాలు కంది కలపడం వల్ల మరో లాభం ఉంది: సోయా కోసిన తర్వాత కూడా కంది వేరు లోతుల్లో పనిచేస్తూ గట్టి పొరను చీలుస్తుంది, సంక్రాంతి దాకా ఆకు రాలుస్తూనే ఉంటుంది.

ఒక రైతు ఇవన్నీ ఒకే ఏడాది చేయలేడు. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఏది ముందు అంటే, కల్చర్, వాలుకు అడ్డంగా విత్తడం, నీరు పోయే కాలువలు, డీఏపీ బదులు సూపర్ ఫాస్ఫేట్, యూరియా పైపాటు మానడం ముందు. వీటిలో చాలావరకు ఖర్చును పెంచవు, కొన్ని తగ్గిస్తాయి, ఫలితం అదే ఏడాది కనిపిస్తుంది. పశువుల ఎరువు, కంది కలపడం, దున్నకం తగ్గించడం, పంట మార్పిడి రెండో వరసలోవి. వీటి ఫలితం పూర్తిగా తెలియడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది.

ఈ రెండో వరస దగ్గరే కౌలు రైతు ఆగిపోతాడు. నోటిమాట మీద ఏడాదికోసారి కౌలుకు చేసేవాడు మూడేళ్ల తర్వాత ఫలించే ఎరువును ఈ ఏడాది తన డబ్బుతో ఎందుకు వేస్తాడు? అతను డీఏపీ, యూరియా వేసి ఈ ఏటి పంట తీసుకోవడమే చూస్తాడు, అతని స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. నేల సారం పేరుతో నడిచే శిక్షణలు, పత్రాలు, రాయితీలు చాలావరకు పట్టా పాసుపుస్తకం ఉన్నవారినే చేరుతున్నాయి, చేనును నిజంగా దున్నేది మరొకరైనప్పుడు కూడా. భూమి యజమానులు కనీసం మూడేళ్లకు కౌలు రాసిచ్చి, మందకట్టడానికో, పశువుల ఎరువుకో అయ్యే ఖర్చులో సగం తాము భరిస్తే బాగుపడేది వారి నేలే. పాస్‌పుస్తకంతో నిమిత్తం లేకుండా, సోయా సాగుచేసే ప్రతి ఒక్కరికీ విత్తే సమయానికి తాజా రైజోబియం పొట్లం అందించడం ప్రభుత్వం వచ్చే తొలకరికే చేయగలిగిన పని.